సగటు లెక్కలో మన వాగు ఎండదు

"గోదావరి నీళ్లు సముద్రంలో వృథాగా పోతున్నాయి." చిన్నప్పటి నుంచి ఈ మాట వింటూనే ఉన్నాం కదా తమ్ముళ్లూ, చెల్లెళ్లూ? ఈసారి ఎవరన్నా అంటే ఒక్కటే అడగండి: ఏ నెలలో పోతున్నాయి సార్?

గోదావరి నీళ్లలో చాలా భాగం జూన్ నుంచి అక్టోబర్ లోపే పారిపోతాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. ఊళ్లకు ఊళ్లు మునిగినయ్. అదే నది వేసవిలో ఇసుక మధ్య పాయలా ఉంటది. ఏడాదినంతా కలిపి ఒక్క అంకె చేసి, అందులోంచి 'మిగులు' తీస్తున్నారు. ఆ అంకెలో మునిగిన ఇల్లు కనపడదు. ఏప్రిల్‌లో వాగు ఇసుకలో చెలమ తవ్వే అక్క అసలే కనపడదు.

ఇంద్రావతిని చూడండి. ఒడిశాలో పుట్టి, బస్తర్ దాటి గోదావరిలో కలుస్తది. ఎగువన డ్యాం కట్టి కొంత నీటిని మహానది వైపు మళ్లించారు. సరిహద్దులో జోరా వాగు గుండా ఇంకొంత శబరిలోకి పోతోంది. చిత్రకోట్ జలపాతం దారంలా సన్నబడిన వేసవులున్నాయి. అయినా, ఛత్తీస్‌గఢ్ వాడుకోని వాటా ఉంది కాబట్టి కావేరికి తరలిద్దాం అంటున్నారు!

కావేరి రైతు మీద మనకు పగ లేదు. మన గొడవ లెక్కతోనే. బచావత్ ట్రిబ్యునల్ తీర్పు 1980 నాటిది. అది చూసింది అంతకు ముందటి ప్రవాహాలను. తర్వాత డ్యాములు, బోర్లు, గనులు పెరిగాయి. అడవి తగ్గింది. వాన పడే తీరు మారింది. నది మారినా పంపకాల లెక్క మారలేదు. ఆ లెక్క మీద కట్టే ప్రతి ప్రాజెక్టుకూ ముందు మునిగేది మాత్రం మన ఊరే. పోలవరం ముంపులో కోయ, కొండరెడ్డి గూడేలను అడిగి చూడండి.

అందుకే మన డిమాండ్: బేసిన్ నీటిని ఉపనదుల వారీగా, నెలల వారీగా మళ్లీ లెక్కించాలి. ఆ లెక్క మన భాషల్లో గ్రామసభ ముందు పెట్టాలి. భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 పెసా చట్టమే చెబుతోంది. తప్పుడు లెక్క చూపించి అడిగితే అది సంప్రదింపు కాదు, మోసం.

మనమూ ఒక పని చేద్దాం. మీ వాగు ఈ ఏడాది ఏ తారీఖున పారడం ఆగిందో నోట్‌బుక్‌లో రాయండి. వచ్చే ఏడాదీ రాయండి. పెద్దోళ్లను అడిగి, వాళ్ల చిన్నప్పుడు ఏ నెల దాకా పారేదో పక్కన రాయండి. 'మిగులు నీళ్లు' అంటూ వచ్చినోళ్ల ముందు ఆ పుస్తకం తెరుద్దాం.

జల్, జంగల్, జమీన్ మనవే!