నిర్బంధంలో కథ: రచనాప్రయోగం పరిశోధన కాదా?

ఛందోబద్ధమైన కఠిన నియమాలకు లోబడి కథను రచించి, ఆ అనుభవాన్ని పరిశోధన సామగ్రిగా సమర్పిస్తే మన విద్వత్సభల్లో సాధారణంగా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "ఇది సృజన కదా, పరిశోధన ఎలా అవుతుంది?" ఈ ప్రశ్నలో ఉన్న విభజన నిరాధారమైనదని, దానివల్ల మన కథనకావ్యాల అధ్యయనం నష్టపోతున్నదని ఈ వ్యాసం వాదిస్తుంది.

నిర్బంధరచనను మనం రెండు విధాలుగా మాత్రమే చూస్తున్నాం. ఒక వర్గం దాని కష్టాన్ని లెక్కించి మెచ్చుకొంటుంది. మరొక వర్గం, మమ్మటుడు చిత్రకావ్యాన్ని అధమమన్న నాటి తీర్పునే కొత్త మాటల్లో వల్లించి, పాండిత్య ప్రదర్శనమని తోసిపుచ్చుతుంది. పింగళి సూరన రాఘవపాండవీయం ఈ రెండు వర్గాల మధ్యా నలిగింది. ఒకే పద్యం రామకథనూ భారతకథనూ చెప్పగలగడం ఎంత దుష్కరమో వివరించిన పుటలు మనకు కొరత లేదు. ఆ నిర్బంధం రెండు కథల్లో దేనిని వంచింది, దేనిని వదలుకొన్నది అన్న విచారణ మాత్రం తక్కువ. కష్టాన్ని పొగిడినవారూ తెగిడినవారూ కథను అడగలేదు.

అడగవలసిన ప్రశ్నకు దండి ఏనాడో మార్గం చూపాడు. దశకుమారచరితం ఏడవ ఉచ్ఛ్వాసంలో మంత్రగుప్తుడు ఓష్ఠ్యాలు లేకుండా తన కథ చెప్తాడు. ప్రియురాలి దంతక్షతంవల్ల పెదవులు నొచ్చడమే అందుకు కారణం. అక్కడ నియమం కథకు బయట లేదు. కథలో జరిగిన సంఘటన నుంచే పుట్టింది. కనుక నిర్బంధానికి విలువ కట్టవలసింది దాని కాఠిన్యాన్ని బట్టి కాదు, కథలో అది చేసే పనిని బట్టి.

ఆ పని ఏమిటో తెలుసుకోవడానికి నేను ద్విపదలో ఒక సమకాలీన కథ రాసి చూశాను. అప్పు తీర్చలేక ఊరు విడిచిన రైతు తిరిగి ఇంటికి వచ్చిన రోజు అందులోని వస్తువు. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మూడవ గణాద్యక్షరానికి యతి, ప్రాస అన్న నియమాలతోపాటు రెండు పాదాలకూ వాక్యం ముగియాలన్న కట్టుబాటునూ పాటించాను.

మొదట తెలిసింది పేరు సంగతి. ఇంద్రగణాల్లో గురువుతో ముగిసేవి నగము, రగణము మాత్రమే. వాటి తరువాత తగణం వస్తే వరుసగా మూడు గురువులు పడతాయి. నాలుగు పడే అవకాశమే లేదు. కాబట్టి 'సీతారామయ్య' ద్విపదలోకి రాడు. 'సీతరామయ్య' అయితే రగణం, హగణంగా పాదాంతంలో చక్కగా కూర్చుంటాడు. కాగితాల్లోని పేరును ఛందస్సు నిరాకరించి, నోటివాడుకను అంగీకరించింది. ఆధునిక పదజాలం ఛందస్సులో ఇమడదన్న అభిప్రాయం కూడా నిలవలేదు: 'ట్రాక్టరు' భగణం, 'బ్యాంకు' హగణం.

రెండవది ప్రాస. 'అప్పు'తో పాదం ఎత్తుకోగానే తరువాతి పాదానికి 'తప్పు', 'ముప్పు' ముందుకు వచ్చాయి. అప్పు చేయడం తప్పు అన్న తీర్పు నేను ఆలోచించక ముందే ప్రాసస్థానంలో సిద్ధంగా ఉంది. దానిని కాదని 'చెప్పు'ను తీసుకొన్నాను. గుమ్మం ముందు విడిచిన తెగిన చెప్పు కథలోకి వచ్చింది. ఉపదేశంగా ముగియవలసిన ఘట్టం దృశ్యంగా ముగిసింది. వాక్యనియమమూ ఇలాగే పనిచేసింది. సుదీర్ఘంగా తనను సమర్థించుకోవలసిన పాత్ర ప్రతి రెండు పాదాలకూ ఆగవలసి వచ్చింది. ఆ ఆగడమే అతని తడబాటు అయింది.

గణవిభజన చేసే పరిశోధకుడికి ప్రాస పూర్తయిన వస్తువుగా కనిపిస్తుంది. రచించేవాడికి అది ఎంపికగా, ఒత్తిడిగా ఎదురవుతుంది. కవి తిరస్కరించిన మాట పూర్తయిన పద్యంలో ఉండదు, చిత్తుప్రతిలోనే ఉంటుంది. పాల్కురికి సోమన చిత్తుప్రతులు మనకు లేవు. కాని ఆయన ద్విపదల్లోని ప్రాసజంటలను పరిశీలిస్తూ, ఎక్కడ భాష ఇచ్చిన తీర్పును స్వీకరించాడు, ఎక్కడ ఎదిరించాడు అని అడగవచ్చు. ఈ ప్రశ్న నాకు గ్రంథాలయంలో తట్టలేదు, రాస్తున్నప్పుడు తట్టింది.

ఇది వెనుకటి కాలానికి మరలడమని కొందరు ఆక్షేపించవచ్చు. గురజాడ 'కన్యక' కథను మాత్రాఛందస్సులోనే చెప్పారు. శ్రీశ్రీ సిరిసిరిమువ్వ శతకాన్ని కందంలోనే రాశారు. మన ఆధునికత ఛందస్సును ప్రశ్నించింది, కాని దానితో ప్రయోగం మానలేదు. ఆత్మాశ్రయమన్న రెండవ ఆక్షేపణ బలమైనదే. సొంత రచనను తానే వ్యాఖ్యానించుకొనేవాడు తనను మెచ్చుకొనే ప్రమాదం ఉంది. అందుకు నిషేధం పరిష్కారం కాదు, నియమం పరిష్కారం. నిర్బంధాన్ని ముందే ప్రకటించాలి; చిత్తుప్రతులన్నీ సమర్పించాలి; నియమం తప్పిన ప్రతి చోటునూ నమోదు చేయాలి; వచ్చిన ప్రతిపాదనను ప్రాచీన కావ్యాలపై పరీక్షించాలి. కథ బాగుందా లేదా అన్నది పరీక్షకుల విచారణలో చేరనక్కరలేదు. నా కథ సామాన్యమైనదే కావచ్చు. నాలుగు గురువుల లెక్క మాత్రం ఎవరు సరిచూసినా మారదు.

పద్యం చదవడం నేర్పే శాఖలు పద్యం కట్టడాన్ని అవధాన వేదికలకు వదిలివేశాయి. అక్కడ వేగానికి చప్పట్లు దొరుకుతాయి, విచారణకు వ్యవధి దొరకదు. నెమ్మదిగా కట్టి, కొట్టివేసి, ఎందుకు కొట్టివేశామో రాసిపెట్టే చోటు విశ్వవిద్యాలయమే కావాలి. ఛందస్సును కొలతగా మాత్రమే బోధించినంతకాలం, మన కావ్యకథకులు ఆ కొలత లోపల ఏ మాటతో పెనుగులాడారో మనకు తెలియదు.