ఏ బ్రీడ్ బ్రో?

మొన్న ఒక రీల్ చూశాను. వరి చేను గట్టు మీద ఓ కుక్క ముందు కాళ్లతో మట్టి ఎగజిమ్ముతోంది. పది సెకన్లలో కన్నంలోంచి బలిసిన ఎలుక ఒకటి బయటికి దూకింది. దూకిందో లేదో కుక్క నోట్లో ఉంది. ఒక్క విదిలింపు, అంతే. కింద కామెంట్లలో అందరిదీ ఒకటే ప్రశ్న. "ఏ బ్రీడ్ బ్రో?" "ఎంతకి దొరుకుద్ది?"

అవి చదువుతుంటే రాజోలు పక్కన మా మావయ్య వాళ్ల నల్లోడు గుర్తొచ్చాడు. వాడిది ఏ బ్రీడో ఎవ్వరూ అడగలేదు. సార్వా కోతలయ్యాక కుప్ప నూర్చే రోజంటే వాడికి పండగ. అడుగు పనలు లేపుతుంటే ఎలుకలు నాలుగు దిక్కులా పరిగెత్తేవి. నల్లోడు ఒకదాన్ని విదిలించి పడేసి, దాని వంక కూడా చూడకుండా రెండోదాని మీదకి ఉరికేవాడు. వెదురు బుట్టలు పెట్టి ఎలుకలు పట్టేవాళ్లకి ఎలుకకి ఇంత అని ఇవ్వాలి కదా. "ఆయ్, ఈ ఏడు బుట్టలోళ్ల డబ్బులు సగం మిగిలాయిరా అబ్బాయ్" అని మావయ్య మురిసిపోయేవాడు.

అలాంటి నల్లోణ్ణి చంపింది పాము కాదు, బండి కాదు. మేమే. అది చివర్లో చెప్తాను.

మనకీ ఉందో జాగిలం

'టెర్రియర్' అనే మాట 'నేల' అని అర్థమున్న లాటిన్ మాట 'టెర్రా' నుంచి వచ్చింది. నేలలోకి దూరి, కన్నంలో దాక్కున్నదాన్ని బయటికి తరిమే కుక్క అన్నమాట. ఈమధ్య చాలామంది అడుగుతున్న జాక్ రస్సెల్ టెర్రియర్‌కి ఆ పేరు 1795లో పుట్టిన జాన్ రస్సెల్ అనే ఇంగ్లండ్ పాస్టరు గారి వల్ల వచ్చింది. ఆయన 1819లో ఓ పాలవాడి దగ్గర కొన్న ఆడకుక్కతో ఆ వంశం మొదలైంది. దాని పేరు ట్రంప్. నవ్వకండి, నిజమే!

అంత దూరం ఎందుకు? మనకి జోనంగి ఉంది. కొల్లేరు చుట్టుపక్కల, గోదావరి, కృష్ణా తీర ప్రాంతాల కుక్క. సన్నటి ఒళ్లు, నున్నటి పొట్టి బొచ్చు. మొరగడం తక్కువ, రాగం తీయడం ఎక్కువ. ఇసుకలో గొయ్యి తవ్వుకుని అందులోనే పడుకుంటుంది. వేటకీ పనికొచ్చేది, బాతుల మంద కాయడానికీ పనికొచ్చేది. కొల్లేరు రైతులు బాతులు వదిలేసి చేపల చెరువుల్లోకి దిగాక దాని పని పోయింది. పనితోపాటు అన్నం పెట్టే చెయ్యీ పోయింది. చాలా జోనంగులు వీధి కుక్కల్లో కలిసిపోయాయి. 2005లో తపాలా శాఖ నాలుగు దేశీ జాతుల మీద స్టాంపులు వేసింది. 2020లో ప్రధాని 'మన్ కీ బాత్'లో ముధోల్, రాజపాళయం, చిప్పిపారై లాంటి పేర్లు చెప్పారు. రెండు చోట్లా మన జోనంగి లేదు.

నల్లోడిలో జోనంగి రక్తం ఎంతుందో తెలీదు కానీ పని మాత్రం వచ్చు. గట్టులో ఎలుక తన కన్నం మూతిని మట్టితో మూసేసుకుంటుంది. తప్పించుకోడానికి ఇంకో దారి ఉంచుకుంటుంది. కొత్త కుక్క ముందు కన్నం దగ్గరే గంటసేపు తవ్వుతుంది. అనుభవమున్నది కాసేపు తవ్వి, తల పక్కకి వంచి విని, రెండో దారి దగ్గరికెళ్లి కాపు కాస్తుంది. ఇది కొనుక్కుంటే వచ్చేది కాదు. చిన్నప్పట్నించీ చేలో తిరిగితే వస్తుంది. అపార్ట్‌మెంట్ బాల్కనీలో గొలుసు వేసి కట్టేసిన టెర్రియర్ తవ్వేది మీ సోఫానే.

అలాగని కుక్క ఒక్కటే సరిపోదు. కొబ్బరి చెట్టెక్కి లేత కాయలు కొరికే ఎలుక దానికి అందదు. దానికి మాను చుట్టూ రేకు కొట్టాల్సిందే.

ఎలుక వరకూ ఓకే

వేట కుక్కల రీల్స్‌లో ఇంకో రకం ఉన్నాయి. ఉడుమునో, ముంగిసనో, నక్కనో కుక్కలు చుట్టుముడుతుంటే వెనకాల మాస్ సాంగ్. తమ్ముళ్లూ, అది రీల్ కాదు, మీ మీద మీరే పెట్టుకున్న కేసు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ మూడింటినీ వేటాడకూడదు. చంపడమే కాదు, వెంటబడి తరమడం కూడా వేట కిందకే వస్తుంది. ఉడుము మొదటి షెడ్యూల్లో ఉంది. నేరం రుజువైతే కనీసం మూడేళ్ల జైలు. పైగా ముంగిసా నక్కా కూడా ఎలుకలు తినేవే. మన చేలో జీతం లేకుండా పనిచేసేవాళ్లని మనమే తరిమేస్తామా?

టెర్రియర్లు పుట్టిన ఇంగ్లండులోనే 2004 చట్టంతో కుక్కలతో నక్కల వేట నిషేధించారు. ఎలుకల్ని పట్టడానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. న్యూయార్క్‌లో కొందరు రాత్రిపూట తమ టెర్రియర్లతో సందుల్లో ఎలుకలు పట్టిస్తుంటారు. కుక్కకి కావాల్సింది వేట. అది ఎలుకైతే ఎవరికీ నష్టం లేదు.

నల్లోడి సంగతి

ఆ ఏడు దాళ్వాలో ఎలుకలు మరీ ఎక్కువయ్యాయి. నూకల్లో నూనె, బ్రోమాడయోలోన్ కలిపి, పొట్లాలు కట్టి కన్నాల్లో పెట్టాం. పద్ధతి సరైనదే. ఆ మందుకి ఎలుక వెంటనే చావదు. లోపల రక్తం గడ్డకట్టడం ఆగిపోయి, కొన్ని రోజులకి చస్తుంది. ఈలోగా మందగించి తిరుగుతుంటే కుక్కకి ఇట్టే దొరుకుతుంది. నల్లోడికి దొరికినవి విదిలించి వదిలేశాడో, తిన్నాడో మేం చూడలేదు. కట్టేయాలన్న ఆలోచనే రాలేదు.

ఐదారు రోజులకి వాడు అన్నం మానేశాడు. చిగుళ్లు తెల్లబడ్డాయి. ముక్కులోంచి రక్తం. పాము కరిచిందనుకుని పసరు వేయించాం. మర్నాటికి లేడు. తర్వాత పశువుల డాక్టరు గారు చెప్పారు. "దీనికి విరుగుడుందండీ, విటమిన్ కె. ముందే తెచ్చుంటే కొన్ని వారాలు వాడితే బతికేవాడు." మావయ్య ఏమీ మాట్లాడలేదు. ఆ ఏడు కుప్ప నూర్చిన రోజు ఎవరూ ఎలుకలు లెక్కపెట్టలేదు.

కాబట్టి మీ ఇంట్లో ఎలుకలు పట్టే కుక్కుంటే ఇవి గుర్తుపెట్టుకోండి.

చేలో మందు పెట్టిన రోజు నుంచి కనీసం రెండు వారాలు కుక్కని కట్టేయండి. పక్క చేలో పెట్టినా అంతే. పెట్టేముందు పక్క రైతులకి వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ చాలు.

చచ్చిన ఎలుకల్ని బోదెలో పారేయొద్దు. లోతుగా పాతిపెట్టండి.

అనుమానం వస్తే మందు ప్యాకెట్ ఫొటో తీసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. ఏ మందో తెలిస్తేనే వైద్యం. జింక్ ఫాస్ఫైడ్ అయితే విరుగుడే లేదు, గంటలు కూడా ఆగదు.

ఎలుక జ్వరం కుక్కకీ వస్తుంది, దాని నుంచి మనకీ వస్తుంది. ఏటా వేయించే టీకాలో లెప్టో ఉందో లేదో అడగండి. రేబిస్ టీకా ఎలాగూ తప్పదు.

ఈసారి అలాంటి రీల్ కనిపిస్తే "ఏ బ్రీడ్ బ్రో?" అని అడిగే ముందు ఇంకోటి అడగండి. "మీ చేలో మందు పెట్టారా బ్రో? కుక్కని కట్టేశారా?"