ఏ యేటి బుల్లెట్టును కోయవచ్చును?



ఈమధ్య మన యువకులలో ఒక వ్యామోహం ప్రబలింది. పాత మోటారుసైకిలు ఒకటి కొంటారు. దానిని ఆమూలాగ్రం విప్పి, ఛాసిస్ వెనుకభాగం కోసి, మడ్‌గార్డులు పీకి, లావుపాటి టైర్లు తొడిగి, బాబర్ అనో కెఫే రేసర్ అనో నామకరణం చేసి వీధిలోకి తీస్తారు. ఈ పనితో నాకు తగవు లేదు. ఇనుముతో చేసేది కూడా శిల్పమే. నా తగవల్లా వారు బండిని ఎంచుకునే పద్ధతితోనే. "ఎంత పాత మోడలైతే అంత గొప్ప" అన్నది వారి సూత్రం. ఆ సూత్రం తప్పు. తప్పు మాత్రమే కాదు, హానికరం కూడా. కోయడానికి కొనే బండి ఎంత వెనుకటి సంవత్సరానిదైతే అపరాధం అంత పెద్దది. ఇదీ నా ప్రతిజ్ఞ. ఇక ఉపపత్తి చెప్తాను.

"తెలుగు పండితుడికి బుల్లెట్టుతో ఏమి పని?" అని కొందరు నవ్వుకోవచ్చు. నా ఉద్యోగకాలంలో అధికభాగం ఆ బండి మీదనే బడికి వెళ్ళాను. గణాలు ఎన్ని విడదీశానో ప్లగ్గు అన్నిసార్లు తుడిచాను. కాబట్టి ఈ విషయంలో నోరు విప్పే అధికారం నాకు కొంత ఉన్నదనే అనుకుంటున్నాను.

ఈ టపాకు తక్షణ కారణం నా పూర్వవిద్యార్థి ఒకడు. హైదరాబాదులో మంచి ఉద్యోగం. బాబర్ చేయించుకోవాలని వాడి కోరిక. రెండు బళ్ళ ఫోటోలు పంపి, "మాస్టారూ, రెండిట్లో ఏది తీసుకోమంటారు?" అని అడిగాడు. ఒకటి 1964 నాటిది. ట్యాంకు, సీటు, హెడ్‌లైటు గూడు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, ఆర్సీ పుస్తకం, అన్నీ మొదటినుంచీ ఉన్నవే. దాని యజమాని కాలం చేస్తే కొడుకులు అమ్మకానికి పెట్టారు. రెండవది 1996 నాటిది. రంగు వెలిసింది, సీటు చిరిగింది, కాగితాలు మాత్రం సక్రమం. మధ్యవర్తి వాడి చెవిలో ఊదిన మాట: "పాతదైతేనే పరువు సార్." ఆ మాటకే నేను జవాబు చెప్పదలచాను.

మొదట బండి వంశచరిత్ర కొంచెం చూద్దాం. బుల్లెట్టు అన్న పేరు ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణంలో 1932లో పుట్టింది. 1950లలో మన సైన్యానికి ఈ బళ్ళు అవసరమయ్యాయి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడింది. మొదట్లో భాగాలు ఇంగ్లండు నుంచి వస్తే ఇక్కడ బిగించేవారు. క్రమంగా అన్నీ ఇక్కడే పోత పోశారు. కర్మాగారం ఉన్న చోటు తిరువొత్తియూరు. త్యాగరాజస్వామి త్రిపురసుందరీదేవిపై పంచరత్నాలు చెప్పిన ఊరు అదే. తెలుగు కృతి పుట్టిన నేలమీదనే ఈ బండి కూడా పెరిగిందన్న మాట! రెడ్డిచ్ కర్మాగారం 1967లో మూతపడింది. 1970తో ఇంగ్లండులో ఈ బళ్ళ తయారీయే ఆగింది. కన్నతల్లి పోయినా పెంచినతల్లి ఇంట బిడ్డ బ్రతికింది. 1977లో ఇక్కడినుంచి ఇంగ్లండుకే ఎగుమతి అయింది.

ఇంతటి చరిత్రలోనూ లోపలి ఎముకల గూడు పెద్దగా మారలేదు. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 346 సీసీ, పోత ఇనుప బ్యారెలు, విడిగా బిగించిన నాలుగు గేర్ల పెట్టె, కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు, న్యూట్రల్ వెదుక్కునేందుకు పక్కన ఒక చిన్న మీట. ఈ నిర్మాణం మౌలికంగా 2000 దాటిన తరువాత కూడా కొనసాగింది. ఆ దశాబ్దం చివరనే ఇంజనూ గేరుబాక్సూ ఒకే పెట్టెలో ఇమిడిన కొత్త ఇంజను దాని స్థానంలోకి వచ్చింది.

ఇప్పుడు నా మొదటి ప్రశ్న. 1964 బండికీ 1996 బండికీ ఇంజను అదే జాతిది, చప్పుడు అదే జాతిది. మరి తేడా ఎక్కడ ఉన్నది? ట్యాంకు ఆకారంలో, దానిమీది బిళ్ళలో, సీటులో, మడ్‌గార్డుల వంపులో, స్విచ్చులలో, చిన్నచిన్న బోల్టులలో, ఆనాటి పనివాడి చేతి గుర్తులలో ఉన్నది. సంవత్సరం నివసించేది అక్కడే. బాబర్ చేసేవాడు మొట్టమొదట పీకి పారవేసేది కూడా వాటినే! సంవత్సరానికి అధికమూల్యం చెల్లించి, ఆ సంవత్సరాన్నే ఊడ్చి పాత ఇనుము కొట్టుకు పంపడం ఏమి వివేకం? ఇల్లు శిల్పాల కోసం కొని, శిల్పాలు పగలగొట్టి గోడలు ఉంచుకున్నట్లున్నది. అటువంటి షెడ్డు ఒకటి నేను చూశాను. పాత ట్యాంకులు, మడ్‌గార్డులు మూలన గుట్టగా పడి ఉన్నాయి; కిలోల లెక్కన పోతాయని మేస్త్రీ చెప్పాడు. ఆ గుట్టలో ఉన్నది ఇనుము కాదు, సంవత్సరాలు.

"పాత ఇనుము గట్టిది మాస్టారూ" అంటారు మరికొందరు. గట్టిదే, కాదనను. కాని ఏ ఇనుమైనా అరుగుతుంది. బ్యారెలును బోరుకు ఇచ్చిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది. ఓవర్‌సైజు పిస్టన్లకు ఒక హద్దు ఉన్నది. అరవై ఏళ్ళు గుంతలలో తిరిగిన ఛాసిస్‌ను కోసి, మళ్ళీ వెల్డింగు చేసి, దానిమీద యువకుడొకడు రహదారి మీద పరుగెత్తుతానంటే నాకు భయం వేస్తుంది. ఆ బ్రేకులు ఆనాటి వేగానికీ ఆనాటి రద్దీకీ చేసిన డ్రమ్ము బ్రేకులు. పైగా సామాను దొరకాలి కదా. 1990ల బండికి కావలసినది ఏ జిల్లాకేంద్రంలోనైనా వెదికితే దొరుకుతుంది. 1960ల నాటి ప్రత్యేకభాగాలు దొరకాలంటే అదే వయసు బండిని ఇంకొకదానిని చంపాలి. అనగా ఒక కోత రెండు కోతలవుతుంది.

ఇక ఈ కళ పుట్టుక వంక చూడండి. రెండవ ప్రపంచయుద్ధం తరువాత అమెరికాలో బాబర్లు చేసినవారు సైన్యం వదిలించుకున్న చవక బళ్ళను తెచ్చుకొని బరువు తగ్గించారు. ఇంగ్లండులో ట్రైటన్ అనే ప్రసిద్ధమైన సంకరజాతి ఉన్నది. నార్టన్ ఛాసిస్‌లో ట్రయంఫ్ ఇంజను. అది ఎలా వచ్చింది? చిన్న రేసుకార్లకు నార్టన్ ఇంజను కావలసినవారు మొత్తం మోటారుసైకిలు కొని, ఇంజను తీసుకొని, ఛాసిస్‌ను వదిలేసేవారు. ఆ అనాథ ఛాసిస్‌కు ఎవరో ఇంజను దానం చేశారు. అంటే ఈ కళ మిగిలినదానితో, చవకైనదానితో, అనాథతో పుట్టిన కళ. నిండుప్రాణంతో ఉన్న అరుదైనదానిని కోయడం ఆ సంప్రదాయం కాదు. ఆ సంప్రదాయం పేరు చెప్పి చేసే దుబారా.

చట్టం మాట కూడా చెప్పక తప్పదు. తయారీదారు నిర్దేశించిన మూలరూపానికి భిన్నంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో కేరళకు సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే సంవత్సరం మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరునెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చునన్నది. ఇది 1964 బండికీ 1996 బండికీ సమానమే. కాని పాతబండికి ఇంకొక నష్టం కూడా ఉన్నది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వం వింటేజి వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటి, మూలరూపంలో నిలిచిన రెండుచక్రాల, నాలుగుచక్రాల బళ్ళకు "వీఏ" అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. ఛాసిస్‌లోనో, బాడీలోనో, ఇంజనులోనో మార్పు చేసినదానికి ఆ గౌరవం లేదు. అనగా 1964 బండి ఈనాడు చట్టం దృష్టిలో కూడా వారసత్వసంపద. గ్రైండరు తగిలిన మరుక్షణం అది కేవలం పాతబండి. అంతకంటె, నేరం మోస్తున్న పాతబండి.

ఈ "సంవత్సరం" పిచ్చి ఇంకొక పాపానికి దారి తీసింది. గిరాకీ ఉన్నచోట దొంగసరుకు పుడుతుంది. 1990ల ఇంజనును 1960ల కాగితాలకు అతికించడం, నంబరు గీకి కొత్తగా గుద్దడం వంటివి జరుగుతున్నాయి. సైన్యం వేలం వేసిన బళ్ళకు ఆర్సీలో పౌరుడి పేర నమోదైన తేదీ ఒకటి, తయారైన సంవత్సరం వేరొకటి ఉండవచ్చు. అది మోసం కాదు. కాని నంబరు గుద్దినది ముమ్మాటికీ మోసమే. మా భాషలో దానిని ప్రక్షిప్తం అంటారు. ప్రాచీనకవి పేర నిన్నటివాడు పద్యం చొప్పించడం లాంటిది. కొనేవాడు సంవత్సరాన్ని అడగడం మానితే గుద్దేవాడు సుత్తి దించుతాడు.

"నా డబ్బు, నా బండి, నా ఇష్టం" అన్న ఆఖరి వాదం ఒకటి మిగిలింది. దీనికి నా వృత్తిలోనుంచే జవాబు చెప్తాను. సి.పి. బ్రౌను తన సొంతధనంతో తాళపత్రగ్రంథాలు సేకరించాడు. పండితులను నియమించి, ప్రతులు పోల్చి చూపించి, కాగితం మీద శుద్ధప్రతులు వ్రాయించాడు. దిద్దుబాట్లు ఆ కొత్త ప్రతులలో జరిగాయి. "నా డబ్బుతో కొన్న తాటాకే కదా" అని దానిమీదనే గంటం పెట్టి గీకించి ఉంటే మనకు ఏమి మిగిలేది? తాటాకు మీద గంటపు గీత చెరగదు; ఛాసిస్ మీద గ్రైండరు గీత కూడా అంతే. పత్రాన్ని కొన్నవాడు పత్రానికి యజమాని. పాఠానికి మాత్రం అతడు ధర్మకర్త.

అయితే ఏ సంవత్సరం కొనాలి? ఖండనతో సరిపెట్టి విధి చెప్పకపోవడం పండితధర్మం కాదు కనుక స్పష్టంగా చెప్తాను. పోత ఇనుప ఇంజను చప్పుడు కావాలనుకుంటే 1990ల నుంచి దాని చివరి సంవత్సరాల వరకు వచ్చిన బండిని ఎంచుకోండి. అవి వేలల్లో ఉన్నాయి, సామాను దొరుకుతుంది, మేస్త్రీలకు పరిచయం. రోజూ నమ్మకంగా తిరగాలంటే ఆ తరువాతి కొత్త ఇంజను బండి కొనండి. పాతరూపం మీదనే మోజైతే తయారీసంస్థే 2009 నుంచి క్లాసిక్ పేరుతో 1950ల వేషం వేసిన కొత్తబండి అమ్ముతున్నది; దేనినీ చంపనక్కరలేదు. ఏది కొన్నా విప్పి మళ్ళీ బిగించగల మార్పులే చేయండి; తీసిన భాగాలను గోనెసంచిలో భద్రపరచండి. అంచున వ్యాఖ్య వ్రాయవచ్చును, మూలాన్ని గీకరాదు.

అపవాదం ఒకటి చెప్పాలి. ట్యాంకు పోయి, ఇంజను మారి, ఛాసిస్ ఏనాడో కోతకు గురైన 1960ల బండి దొరికితే దానిని మీ కల్పనకు వాడుకోండి. శిథిలపత్రం అది, పూరణకు అవకాశం ఉన్నది. కాబట్టి అసలు చూడవలసినది సంవత్సరం కాదు, సమగ్రత. అన్నీ ఉన్నదానిని జీర్ణోద్ధరణ చేయాలి. ఏమీ లేనిదానితో నవనిర్మాణం చేయాలి. ఈ రెండు మాటలకూ అర్థభేదం తెలియకపోవడమే ఈ అనర్థానికంతకూ మూలం.

ఈ వివేకం ఒక్క బుల్లెట్టుకే కాదు. మైసూరులో తయారైన జావాలు, ఆ తరువాతి యెజ్డీలు ఉన్నాయి. ఆ కర్మాగారం 1996లో మూతపడింది. 1983లో మొదలై ఆ దశాబ్దంతోనే ముగిసిన రాజ్‌దూత్ 350 ఉన్నది. ఈమధ్య జావా, యెజ్డీ పేర్లు మళ్ళీ వచ్చాయి గాని ఆ పాతబళ్ళు మళ్ళీ రావు. వాటిలో ప్రతి కోతా లెక్కలోనుంచి ఒకటి తీసివేయడమే.

నా విద్యార్థికి ఇదంతా ఫోనులో చెప్పాను. "కాని మాస్టారూ, 96 మోడలంటే మావాళ్ళు నవ్వుతారు" అన్నాడు. నవ్వనీ నాయనా. నువ్వు చేసిన పని బాగుంటే చూసినవాడు పనిని మెచ్చుకుంటాడు. సంవత్సరాన్ని అడిగి మెచ్చుకునేవాడు నీ పనిని మెచ్చుకోవడం లేదు, 1964 నాటి పనివాడిని మెచ్చుకుంటున్నాడు. ఆ మెప్పు నీది కాదు. వాడింకా నిర్ణయించుకోలేదు. 1964 బండి ఇంకా అమ్మకానికే ఉన్నది. దానిని దానిగా నిలుపుకోదలచినవారు మీలో ఎవరైనా ఉంటే, గ్రైండరు కంటె ముందుగా అక్కడికి చేరుకోండి.