అద్దె లెక్కలో ఎవరి వాటా ఎంత?

ఇటీవల మా కేంద్రానికి ఒక స్త్రీ వచ్చింది. భర్త పెట్టే హింస భరించలేక ఇద్దరు పిల్లలతో ఇల్లు విడిచింది. హైదరాబాద్‌లో బట్టల దుకాణంలో పని, జీతం 14,000. "మేడం, నేను ఎంత అద్దె కట్టుకోగలను?" అని అడిగింది.

చదువుకున్న లెక్క నా నోటికొచ్చింది. ఆదాయంలో 30 శాతం, అంటే 4,200. కానీ ఈ సూత్రం ఎక్కడిది? అమెరికాలో ప్రభుత్వ గృహాల్లోని పేదల అద్దె ఆదాయంలో 25 శాతం మించకూడదని 1969లో చట్టం చేశారు. 1981లో దాన్ని 30కి పెంచారు. అక్కడ మిగతా భారం ప్రభుత్వానిది. ఇక్కడ ఆ భారం ఎవరిది?

ఇద్దరం కూర్చుని లెక్క తిరగేసి వేశాం. తిండి, గ్యాసు 6,000. పిల్లల చదువు 2,500. మందులు, ఆటో 1,000. చీటీ 1,000. కరెంటు, నీళ్ళు 500. అద్దెకు మిగిలింది 3,000. ఆమె చూసొచ్చిన ఒంటిగది 6,000, పైగా అడ్వాన్సు. దూరంగా చవకగా దొరకొచ్చు. 2023 డిసెంబర్‌లో తెలంగాణ ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది కూడా. అయితే రాత్రి దుకాణం మూశాక, బస్సు దిగి చీకటి సందుల్లో నడవాల్సింది ఆమే కదా! పైగా ఇంటివాళ్ళు అద్దె సంగతి కంటే ముందు "మీ ఆయన ఏం చేస్తాడు?" అని అడుగుతున్నారు.

అసలు తక్కువ పడ్డ ఆ 3,000 ఆమె ఒక్కతే ఎందుకు వెతుక్కోవాలి? గృహహింస నుంచి స్త్రీల రక్షణ చట్టం, 2005లోని 17వ సెక్షన్ ఆమెకు ఉమ్మడిగా కాపురమున్న ఇంట్లో నివసించే హక్కునిచ్చింది. అక్కడ ఉండలేని పరిస్థితుల్లో, అదే స్థాయి వసతి చూపించమని, లేదా అద్దె కట్టమని ప్రతివాదిని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. అది 19(1)(ఎఫ్). మనోవర్తి వేరు, ఇది వేరు.

నేను చూసిన పిటిషన్లలో చాలావాటిలో రక్షణ, మనోవర్తి అడుగుతున్నాం. అద్దె ఊసే ఉండటం లేదు. తప్పు మనలోనూ ఉంది. "ఎక్కడైనా సర్దుకుంటుందిలే" అని మనమే అనుకుంటున్నాం.

ఇకనుంచి పిటిషన్ రాసే ముందు ఆమెతో కూర్చుని కాగితం మీద లెక్క వేద్దాం. విడిచివచ్చిన ఇల్లు ఎలాంటిది, ఆ పేటలో అలాంటి ఇంటికి అద్దె, అడ్వాన్సు ఎంత? అన్నీ రాసి అడుగుదాం. ఆమె ఎంత కట్టగలదన్నది ఆ తర్వాతి ప్రశ్న.