బోరు మోటారుకి హెచ్‌పీ ఒక్కటే స్పెక్ కాదు

మెగాపిక్సెల్స్ చూసి కెమెరా కొనకూడదని మనందరికీ తెలుసు. కానీ సదుం వైపు బోరుకి మోటారు కొనేటప్పుడు మాత్రం "ఎన్ని హెచ్‌పీ?" అని ఒక్కటే అడుగుతాం. నా ఓటు హెడ్, డిశ్చార్జ్ చార్టుకే.

లెక్క సింపుల్. సెకనుకి ఒక లీటరు నీళ్లు 200 మీటర్లు (సుమారు 650 అడుగులు) పైకి తేవాలంటే దాదాపు 2 కిలోవాట్లు కావాలి. పంపు ఎఫిషియెన్సీ 50 శాతం అనుకుంటే 5 హెచ్‌పీకి కాస్త ఎక్కువ. బోరులో ఊరేదే అంత అయితే, 10 హెచ్‌పీ దించినా నీళ్లు పెరగవు. మట్టం పడిపోయి మోటారు ఖాళీగా తిరుగుతుంది. దాన్ని చల్లబరిచేది చుట్టూ పారే నీళ్లే కాబట్టి వైండింగ్ కాలిపోతుంది.

ఎంత లోతుకి దించాలి? మోటారు నడిచేటప్పుడు నీళ్లు దిగే మట్టానికి కింద, అడుగున ఉన్న బురదకి పైన.

ఫోన్‌తో ఆన్ చేసే స్టార్టర్ కూల్ ఫీచరే. అయితే డ్రై రన్ కటాఫ్ లేకపోతే కొనొద్దు. నీళ్లు అయిపోతే ఆంప్స్ తగ్గుతాయి. అది పసిగట్టి ఆపేదే అసలైన స్మార్ట్. టమాటా కాయ మీదున్నప్పుడు మోటారు కాలితే, వారంటీ కార్డు తోటని తడపదు.