సంధిపత్రము - ఇంటివారి సమ్మతి

ఆబిడ్సునుండి ఫతేమైదానమునకు బోవు దారిలో గన్‌ఫౌండ్రీ యను పేట గలదు. చీరలకును నగలకును ఆ దారిని బోవు మన సోదరీమణులలో ననేకులు ఆ పేరి కర్థ మడిగియుండరు. 1786లో ఫ్రెంచి సేనాని రేమండు నిజామునకై యచట ఫిరంగులు పోతపోయించెను. జనులు దానిని తోప్ కా సాంచా యనిరి. ఆ కట్టడము శిథిలమై నేటికిని నిలిచియున్నది. రేమండు 1798 మార్చిలో మరణించెను. ఆ సెప్టెంబరులో నిజాము ఆంగ్లేయులతో సంధి చేసికొనగా, అక్టోబరులో ఫ్రెంచి దళము యుద్ధము లేకయే ఆయుధములు దించెను. సంధిని గూర్చిన వాదమంతయు దర్బారులోనే ముగిసెను. ఊరివారి నెవ్వరు నడుగలేదు.

ఈ పాతకథ యిప్పుడేల యందురా? మన కాలపు ఆయుధసంధికి ఎవరి నడిగిరో చూతము. అణ్వాయుధ పరీక్షల నన్నిటిని మాన్పు సంధి 1996లో సిద్ధమైనది. సంధికి సంతకము వేరు, ధ్రువీకరణము వేరు. నిశ్చయతాంబూలములు పుచ్చుకొన్నంతనే పెండ్లి కాదు గదా! అమెరికా అధ్యక్షుడు క్లింటను అందరికంటె ముందుగా సంతకము చేసెను. కాని ఆ దేశపు సెనేటులో మూడింట రెండువంతుల సమ్మతి కావలెను. 1999 అక్టోబరు 13న అనుకూలముగా 48, ప్రతికూలముగా 51 వోట్లు వచ్చినవి. రహస్యపరీక్షలను కనిపెట్టజాలమని కొందరును, పాత అస్త్రములు పనిచేయునో లేదో పరీక్షింపక తెలియదని కొందరును వాదించిరి. ఆ తీర్పు మాకు రుచింపలేదు. వాదము బహిరంగముగా జరిగినందుకు మాత్రము మెచ్చుకొనక తప్పదు.

మన దేశము సంతకమే చేయలేదు. అస్త్రములు గల రాజ్యములు తమవానిని విడుచుటకు గడువు చెప్పక ఇతరులను కట్టివేయుట న్యాయము కాదని మన ప్రతినిధి అరుంధతీ ఘోష్ 1996లో జెనీవాలో వాదించిరి. ఇందు సత్యము లేకపోలేదు. 1998 మేనెలలో పోఖ్రానున పరీక్షలు జరిపిన పిమ్మట, ఇక చేయబోమని మన ప్రభుత్వము తనంత తానే ప్రకటించెను. ఆ మాటకు శాసనబలము లేదు. సంధులను ధ్రువీకరించుటకు పార్లమెంటు సమ్మతి కావలెనను నియమము మన రాజ్యాంగమున లేదు. ఆ పని మంత్రివర్గమే చేయును. 2008లో అమెరికాతోడి అణుశక్తి యొప్పందమును గూర్చి లోకసభలో అంత వాదము జరిగినదన్నను, అది విశ్వాసతీర్మానము మూలముననే. జూలై 22న 275 వోట్లు ప్రభుత్వమునకు, 256 ఎదిరిపక్షమునకు వచ్చినవి.

పరీక్షల సంధి అమలునకు రావలెనన్న 44 రాజ్యములు ధ్రువీకరింపవలెను. తొమ్మిది వెలుపలనే యున్నవి. రష్యా 2023లో తన ధ్రువీకరణమును వెనుకకు దీసికొనెను. ఈమారు మీ గుమ్మమునకు వోటడుగ వచ్చు లోకసభ అభ్యర్థిని, ఇట్టి సంధులు సభ ముందునకు రావలెనా వద్దా యని యడిగి, వారి యుత్తరమును మాకు వ్రాయుడు.