అరకు కొండలలో క్రిస్మసు

డిసెంబరు మాసము వచ్చినదనిన అరకులోయ బాటలు క్రిక్కిరిసిపోవును. విశాఖపట్టణమునుండి సొరంగముల గుండ కొండలెక్కివచ్చు రైలునకు 2017లో అద్దాల పెట్టెను గూడ తగిలించిరి. వలిసెపూలు పసుపు ఆరబోసినట్లు విచ్చియుండ, పట్టణవాసులు మంచు చూడవచ్చి విడుదులన్నియు నింపుచున్నారు. క్రిస్మసు సెలవులలో గది దొరకుట దుర్లభము. ఈ మాట వినినప్పుడెల్ల మాకు బేత్లెహేము సత్రము జ్ఞప్తికి వచ్చుచుండును.

లూకా సువార్తలోని ఆ కథ మా పాఠకులలో హిందువులకును, మహమ్మదీయులకును దెలియనిది కాదు. నిండుచూలాలికి సత్రమున చోటు దొరకలేదు. శిశువును పశువుల తొట్టిలో పరుండబెట్టిరి. ఆ వార్త మొదట చేరినది రాజసభకు గాదు, రాత్రివేళ మందలు గాచుకొను కాపరులకు. మంచెలపై చేనికావలి యుండి చలిరాత్రులు గడుపు కొండవారికి ఈ కథను విప్పిచెప్పవలసిన పని లేదు. జర్మను లూథరను మిషనరీలు 1882లో ఈ తూర్పు కనుమలకు వచ్చి కోరాపుట్టు, సాలూరు ప్రాంతములలో నిలిచిరి. మతప్రచారమును గూర్చిన వాదము వేఱు. దానిని నేడు మేమెత్తుకొనము. నమ్మినవానికి వాని పండుగ వానిది.

ఆ పండుగను ఇప్పుడు అంగడి యాక్రమించుచున్నది. కాగితపు నక్షత్రములు, ప్లాస్టిక్కు దేవదారులు, మీగడకేకులు, ఎఱ్ఱటోపీ తాత: ఇవేవియు సువార్తయందు గానరావు. డిసెంబరు 25వ తేదీయే యందు లేదు. క్రిస్మసు కార్డులను మొదట అచ్చొత్తించి యమ్మినది లండనులో, 1843లో. ఎఱ్ఱయంగీ తాతకు నేటి రూపము దిద్దినవారిలో పందొమ్మిదవ శతాబ్దపు అమెరికా పత్రికాచిత్రకారులు ముఖ్యులు. అప్పటినుండి వర్తకుడే పంచాంగకర్త యైనాడు. మన దీపావళికిని, సంక్రాంతికిని పట్టిన గతియు నిదియే గనుక, క్రైస్తవ సోదరులను జూచి నవ్వు హక్కు మనకు లేదు.

అయినను కొండలలో ఈ విషయము వట్టి యాడంబరముతో బోవునది కాదు. కాఫీపండ్లు కోతకు వచ్చునది ఈ దినములయందే. అరకు కాఫీకి 2019లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది, పేరు పెరిగినది. గిరిజనుని చేతిలో నాలుగు రూపాయలాడు కాలమేదో వర్తకుడెఱుగును. పిల్లలకు కొత్తబట్టలని, ఇంటికి దీపములని, పండుగకు ముందు దళారివద్ద బయానా పుచ్చుకొన్నవాడు రేపు తూకమువద్ద నోరెత్తజాలడు. ఇట్టి దళారులనుండి కాపాడుటకే గదా 1956లో గిరిజన సహకార సంస్థను స్థాపించినది! మఱియొక వింత: ఊరు తనకొఱకు తానాడుకొను ధింసాను నేడు విడుదుల ముంగిట అతిథుల వినోదార్థము కూలికాడించుచున్నారు. ఆ యాడువారిలో పండుగ తమదియే యైనవారు గలరేమో విచారించువారు లేరు.

సంఘపెద్దలకు మా మనవి యొక్కటి. తోరణములకు చందా వసూలుచేయకమునుపు, మీ సంఘమున బయానాలో జిక్కిన గృహములెన్నియో లెక్కింపుడు. సహకార సంస్థవారు తాము కొనిన కాఫీ సొమ్మును రైతుచేతికి డిసెంబరు 20వ తేదీలోపల ముట్టజెప్పవలెను. జనవరిలో నిచ్చెడి సొమ్ము దళారి యింటికే పోవును.